మొదటి మూడు వారాలు దాటితే...

దిగులుకు డాక్టరు రాసిన మాత్ర మొదటి వారంలోనే వికారం, తలనొప్పి, నిద్రలేమి తెచ్చిపెడుతుంది. దాని మేలు మాత్రం రెండు మూడు వారాలు గడిస్తేగానీ కనిపించదు. సరిగ్గా ఈ మధ్యకాలంలోనే చాలామంది మందు వదిలేస్తున్నారు. నిపుణులు దూరంగా ఉండే పల్నాడు పల్లెల్లో ఆ కొద్ది వారాలూ గట్టెక్కడం ఎలా?

పల్నాడు జిల్లా రొంపిచెర్ల. సాగర్ కుడి కాలువ నీళ్ల మీద వరి, మిరప, పత్తి పండించే మండలం. ఇక్కడ జ్వరమొస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ చూస్తాడు. కాస్త పెద్ద జబ్బయితే నరసరావుపేట, ఇంకా పెద్దదైతే గుంటూరు జీజీహెచ్‌. మరి మనసుకే జబ్బు చేస్తే? ఆ మాట నేరుగా పైకి రాదు. ‘గుండె దడగా ఉంటోంది’, ‘నరాల బలహీనత’, ‘తిండి సయించట్లేదు’, ‘తెల్లవారుజామున మూడింటికే మెలకువొస్తోంది’ అంటారు. ఈసీజీ తీయిస్తారు, థైరాయిడ్ పరీక్ష చేయిస్తారు, కడుపు స్కానింగూ అవుతుంది. ఏ రిపోర్టులోనూ ఏమీ ఉండదు. నెలలు గడిచాక ఎవరో ఒకరు ‘ఒకసారి మానసిక వైద్యుడికి చూపించండి’ అంటారు.

అంత దూరం వచ్చాక చేతికొచ్చే చీటీలో ఉండేది చాలాసార్లు ఒకటి రెండు మందులే. ఎస్సిటాలోప్రామ్ 5 ఎంజీ, రోజుకొకటి, ఉదయం టిఫిన్ తర్వాత. వారం పోయాక 10 ఎంజీ. రెండు వారాలకు మళ్లీ రావాలి. మందుల షాపులో కుర్రాడు స్ట్రిప్పును కత్తెరతో కత్తిరించి కాగితపు కవర్లో వేసి, దాని మీద పెన్నుతో ఓ గీత గీసి ఇస్తాడు. కత్తిరించిన ముక్క మీద ఒక్కోసారి మందు పేరూ ఉండదు, గడువు తేదీ ఉండదు. వేసుకుంటున్నది ఏ మందో, రేపు ఏమవుతుందో తెలియకుండానే ఆ మనిషి బస్సెక్కుతాడు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. రెండో రోజు పొద్దున కడుపులో తిప్పుతుంది. మూడో రోజు తల బరువెక్కుతుంది. రాత్రి నిద్ర ఇంకా పలచబడుతుంది, లేదంటే పగలంతా మత్తుగా జోగుతుంటుంది. దిగులు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. ‘ఆ నిద్రమాత్రలు మానెయ్యి వదినా, అలవాటు పడతాయంట’ అని పక్కింటి నుంచి సలహా వస్తుంది. నాలుగో రోజుకి స్ట్రిప్పు అటక మీదికి చేరుతుంది.

ఇది పల్లెవాళ్ల అమాయకత్వం అనుకుంటే పొరపాటు. అమెరికాలో డిప్రెషన్ మందు మొదలుపెట్టిన వారి వివరాలను పరిశీలించి 2006లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, ప్రతి వంద మందిలో 42 మంది నెల తిరక్కుండానే దాన్ని ఆపేశారు. చదువూ ఆస్పత్రులూ ఉన్నచోటే అలా ఉంది. మందు మానేయడానికి కారణాలు చాలా ఉంటాయి. వాటిలో ముందే చెప్పి ఉంటే తప్పించగలిగింది ఒకటుంది. అదే ఈ మొదటి వారాల ఇబ్బంది.

కడుపుకే ముందెందుకు తెలుస్తుంది?

ఇప్పుడు ఎక్కువగా రాస్తున్న ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లూయోక్సెటిన్ లాంటి మందులు ఎస్‌ఎస్‌ఆర్‌ఐ అనే తరగతికి చెందుతాయి. నాడీకణాలు విడుదల చేసిన సెరటోనిన్ అనే రసాయనాన్ని అవే మళ్లీ వెనక్కి పీల్చుకోకుండా ఇవి అడ్డుపడతాయి. మెదడులో ఈ పని మొదటి మాత్రతోనే మొదలైపోతుంది. కానీ దానికి తగ్గట్టు నాడీకణాలు తమను తాము సర్దుకోవడానికి వారాలు పడుతుంది. మనసు తేలికపడటానికి ఆలస్యమయ్యేది అందుకేనని పరిశోధకుల భావన.

కడుపు అంతకాలం ఆగదు. మన ఒంట్లోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం ఉండేది జీర్ణాశయం, పేగుల్లోనే. మాత్ర అక్కడా తన పని చేస్తుంది. అందుకే మొదట వికారం, ఒకటి రెండు విరేచనాలు, ఆకలి మందగించడం. చాలామందిలో ఇవి వారం, పది రోజుల్లో నెమ్మదించి, రెండు మూడు వారాలకు సద్దుమణుగుతాయి. తలనొప్పి, నోరు ఆరిపోవడం, చేతులు సన్నగా వణకడం, ఊరికే ఆవలింతలు, లోపల ఏదో తొందరగా అనిపించడం కూడా ఇదే కోవలోవి. అందరికీ అన్నీ రావు. కొందరికి ఏదీ రాదు.

మొదటి వారం సగం మోతాదుతో మొదలుపెట్టడం వెనకున్న ఆలోచన కూడా శరీరానికి అలవాటు పడే వ్యవధి ఇవ్వడమే. ‘తొందరగా తగ్గాలి’ అని రోగి సొంతంగా రెండు మాత్రలు వేసుకుంటే రెట్టింపయ్యేది ఇబ్బందే.

డిప్రెషన్ మందుల చరిత్రే ఒక సైడ్ ఎఫెక్ట్‌తో మొదలవడం విశేషం. 1950ల తొలినాళ్లలో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆస్పత్రిలో క్షయ రోగులకు ఇప్రోనియాజిడ్ అనే మందు ఇచ్చారు. ఊపిరితిత్తుల సంగతి అలా ఉంచితే, రోగులు అనుకోని ఉత్సాహంతో వార్డుల్లో తిరగడం డాక్టర్లను ఆశ్చర్యపరిచింది. దాదాపు అదే కాలంలో స్విట్జర్లాండ్‌లో రోలాండ్ కూన్ అనే మానసిక వైద్యుడు ఇమిప్రమిన్ దిగులును తగ్గిస్తుందని గమనించి 1957లో ప్రకటించాడు. అదీ వెంటనే పనిచేసేది కాదు. 1987 చివర్లో అమెరికా అనుమతి పొందిన ఫ్లూయోక్సెటిన్ దగ్గర్నుంచి మందులు సురక్షితమయ్యాయి, దుష్ప్రభావాలు తగ్గాయి. వారాలపాటు ఆగాల్సిన అవసరం మాత్రం ఈ మాత్రలతో ఇప్పటికీ తప్పలేదు.

తట్టుకునే దారులు

వికారానికి మొదటి విరుగుడు అన్నం. మాత్రను పరగడుపున కాకుండా టిఫిన్ తర్వాతో భోజనం తర్వాతో వేసుకోవాలి. పొద్దున్నే పొలం వెళ్లేవాళ్లు కాఫీ నీళ్లతో మాత్ర మింగేసి పరుగెత్తితే దారిలోనే తిప్పుతుంది. ఆ రెండు వారాలూ మిరపకారం, నూనె తగ్గించి ఇడ్లీ, మజ్జిగన్నం, పప్పన్నం కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినడం మేలు. గుంటూరు కారం తినే నేల మీద ఇది కష్టమైన సలహాయే అయినా పనిచేసేదే. అయినా తగ్గకపోతే డాక్టరుకు చెబితే వేళ మారుస్తారు, అవసరమైతే కొన్నాళ్లపాటు వికారం తగ్గించే మాత్ర కలుపుతారు.

నిద్ర చెడితే మాత్ర ఉదయానికి మార్చాలి. మత్తుగా ఉంటే రాత్రికి మార్చాలి. ఎటు మార్చాలో డాక్టరును అడిగి ఒకసారి మార్చాక రోజూ అదే వేళకు వేసుకోవాలి. సాయంత్రం నాలుగు దాటాక టీ, కాఫీ మానితే సగం బాధ పోతుంది. ఒంట్లో మత్తు ఎలా ఉందో తెలిసేవరకు ట్రాక్టరు తోలడం, రాత్రిపూట బండి మీద ప్రయాణం, మోటారు దగ్గర పనులు ఇంకొకరికి అప్పగించాలి.

ఇక్కడొక చిక్కుంది. మన దగ్గర ఎస్సిటాలోప్రామ్‌తో కలిపి క్లోనజెపామ్‌ను ఒకే మాత్రగా ఇవ్వడం మామూలే. మొదటి రోజుల ఆందోళన, నిద్రలేమి తగ్గించడానికి రెండు మూడు వారాలపాటు క్లోనజెపామ్ ఉపయోగపడుతుంది. మత్తు తెప్పించేదీ, నెలల తరబడి వాడితే అలవాటు పడేదీ అదే. ఊళ్లో ‘నిద్రమాత్రలకు అలవాటు పడతావు’ అనే భయం పుట్టింది ఇలాంటి మందుల నుంచే. ఆ అపవాదు దిగులు తగ్గించే మందు మీద పడుతోంది. ‘ఇందులో నిద్రకిచ్చింది ఏది? ఎన్నాళ్లు వాడాలి?’ అని మొదటిరోజే అడగడం ప్రతి రోగి హక్కు.

పల్నాడుకు ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది ఎండ సంగతి. వేసవిలో రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రత ఎక్కడంటే తరచుగా వినిపించే పేరు ఈ జిల్లాలోని రెంటచింతలే. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు కొందరిలో చెమట పెంచుతాయి. పాతకాలపు అమిట్రిప్టిలిన్ అందుకు వ్యతిరేకం. అది చెమటను తగ్గించి ఒంట్లో వేడి బయటికి పోనివ్వదు, నోరు ఎండగడుతుంది, మలబద్ధకం తెస్తుంది, కూర్చుని లేవగానే కళ్లు తిరిగేలా చేస్తుంది. ఈ మందును మైగ్రేన్‌కీ, నరాల నొప్పులకీ తక్కువ మోతాదులో విరివిగా ఇస్తారు. ఏప్రిల్, మే నెలల్లో ఇలాంటి మందు మొదలైతే మిట్టమధ్యాహ్నం చేలో ఉండకుండా చూసుకోవాలి. నీళ్లు, మజ్జిగ తాగుతుండాలి. మంచం మీంచి లేచేటప్పుడు ఒక నిమిషం కూర్చుని లేవాలి.

ఎవరూ నోరు విప్పని ఇబ్బంది ఇంకొకటుంది. ఈ మందులు వాడేవారిలో చాలామందికి, ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా, లైంగిక కోరిక తగ్గుతుంది, తృప్తి ఆలస్యమవుతుంది. వికారంలా ఇది రెండు వారాల్లో తనంతట తాను పోతుందన్న హామీ లేదు. కొత్తగా పెళ్లయినవాళ్లు సిగ్గుతో డాక్టరుకు చెప్పలేక, భార్యకో భర్తకో చెప్పలేక మందు మానేస్తారు. చెబితే మోతాదు తగ్గించడమో, ఈ ఇబ్బంది తక్కువగా ఉండే వేరే మందుకు మార్చడమో చేయొచ్చు. డాక్టరుకు ఇది రోజూ వినే విషయమే.

పక్కనున్న మాత్రలతో జాగ్రత్త

మిరపకాయల కోతల రోజుల్లో నడుం నొప్పికి, మోకాళ్ల నొప్పులకి డైక్లోఫెనాక్ మాత్రో ఇంజెక్షనో తీసుకోని కూలీ ఇల్లు తక్కువ. ఎస్‌ఎస్‌ఆర్‌ఐతో పాటు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి వాడితే కడుపులో రక్తస్రావం అయ్యే ముప్పు పెరుగుతుంది. నొప్పికి పారాసిటమాల్ సరిపోతుందేమో అడగాలి. గుండె కోసం ఆస్పిరిన్ వాడుతున్నవారు దాన్ని సొంతంగా ఆపకూడదు, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. మలం నల్లగా తారులా వస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

గట్టి నొప్పులకిచ్చే ట్రామడాల్‌ది ఇంకో ప్రమాదం. అది కూడా సెరటోనిన్‌ను పెంచుతుంది. రెండూ కలిసినప్పుడు అరుదుగానైనా సెరటోనిన్ సిండ్రోమ్ అనే అత్యవసర పరిస్థితి రావచ్చు. జ్వరం, విపరీతమైన వణుకు, కండరాలు బిగుసుకుపోవడం, విరేచనాలు, గందరగోళంగా మాట్లాడటం దాని గుర్తులు.

అరవై దాటినవారిలో ఇంకో జాగ్రత్త. కొన్ని బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువగా పోయించే మందు కలిసి ఉంటుంది. దానికి ఎస్‌ఎస్‌ఆర్‌ఐ తోడైతే రక్తంలో సోడియం పడిపోవచ్చు. ‘అమ్మ నిన్నటి నుంచి తికమకగా మాట్లాడుతోంది, నడుస్తూ తూలుతోంది’ అంటే వయసు మీద నెట్టేయకుండా రక్తపరీక్ష చేయించాలి. మందుతో వచ్చే ఈ సమస్య ఎక్కువగా కనిపించేది మొదటి కొద్ది వారాల్లోనే.

అందుకే ఇంట్లో వాడే మాత్రలన్నీ, ఆర్‌ఎంపీ ఇచ్చినవీ నాటు మందులూ సహా, ఒక సంచిలో వేసుకుని డాక్టరు ముందు పెట్టడం మంచి అలవాటు. పేరు కనిపించేలా స్ట్రిప్పును సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకుంటే మరీ మంచిది. సారా, బ్రాందీ ఏదైనా సరే మందు కుదురుకునే వరకైనా ముట్టకూడదు.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

మొదటి వారాల్లో ఓర్చుకోవాల్సినవి కొన్ని, అసలు ఓర్చుకోకూడనివి కొన్ని. రెంటికీ తేడా ఇంట్లోవాళ్లకు తెలిసి ఉండాలి.

ఒంటి నిండా దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరాడకపోవడం, స్పృహ తప్పడం, మూర్ఛ. వీటిలో ఏది వచ్చినా 108కి ఫోన్ చేయాలి. నిద్రే పోకుండా హుషారుగా తిరగడం, గలగలా మాట్లాడటం, ఉన్నట్టుండి వేలకు వేలు ఖర్చుపెట్టడం, చిన్నదానికీ కొట్లాటకు దిగడం కనిపిస్తే ‘అమ్మయ్య, తగ్గింది’ అని సంబరపడకూడదు. ఆ మనిషికి ఉన్నది, మనసు ఒకప్పుడు దిగులులోకీ ఒకప్పుడు అతి హుషారులోకీ ఊగే బైపోలార్ సమస్య కావచ్చు. వెంటనే డాక్టరుకు చెప్పాలి.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఇంకొకటి. పాతికేళ్ల లోపు వారిలో మందు మొదలైన తొలి వారాల్లో, మోతాదు మార్చినప్పుడు ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో పిల్లలు, కౌమారుల గురించి ఇలా హెచ్చరించింది. 2007లో ఆ హెచ్చరికను 24 ఏళ్ల వరకు విస్తరించింది. కుదురుగా కూర్చోలేకపోవడం, గది చివరి నుంచి చివరికి తిరుగుతూనే ఉండటం, పట్టలేని చికాకు కనిపిస్తే ఒంటరిగా వదలకూడదు. అదేరోజు డాక్టరుతో మాట్లాడాలి. వయసుతో పని లేకుండా ప్రతి ఇంట్లో చేయాల్సింది ఒకటే. పత్తి, మిరప పండించే ఊళ్లలో పురుగుమందు డబ్బాలు మంచం కిందా వసారాలోనూ ఉంటాయి. మందు మొదలైన రోజునే వాటిని ఇల్లు దాటించాలి. మాత్రల స్ట్రిప్పులు కూడా ఇంట్లో ఒకరి చేతిలో ఉండాలి. క్షణికావేశానికి చేతికందే దూరంలో ఏదీ లేకపోతే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి.

మానేయాలనిపిస్తే

ఆరు వారాలు వాడినా గుణం కనిపించలేదనుకుందాం. అదీ జరిగేదే. అమెరికాలో వేల మంది రోగులతో చేసిన ‘స్టార్‌ డి’ అనే పెద్ద అధ్యయనం 2006లో తేల్చిందేమిటంటే, మొదటి మందుతోనే పూర్తిగా కోలుకున్నవారు దాదాపు మూడో వంతు మంది. మిగతావారిలో చాలామందికి మందు మార్చాల్సో, ఇంకొకటి కలపాల్సో వచ్చింది. మొదటి మాత్ర పడకపోతే దిగులుకు మందే లేదని అర్థం చేసుకోకూడదు. మాట్లాడి చేసే చికిత్సలూ ఉన్నాయి. తేలికపాటి డిప్రెషన్‌కు అవే ముందు సూచిస్తారు.

నచ్చకపోతే మార్చుకోవచ్చు గానీ ఒక్కసారిగా ఆపకూడదు. కొన్ని వారాలు వాడి హఠాత్తుగా ఆపితే తల తిరగడం, వికారం, కలత నిద్ర, తలలో కరెంటు షాక్ కొట్టినట్టు అనిపించడం ఉంటాయి. ‘చూశావా, అలవాటు పడ్డావు’ అంటారు ఇరుగుపొరుగు. మెదడు సర్దుకున్న తీరు మళ్లీ మారడానికి వ్యవధి దొరక్కపోవడం వల్ల వచ్చే బాధ అది. మెల్లగా తగ్గించుకుంటూ వస్తే చాలామందికి పెద్దగా తెలియదు. బాగైపోయిన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు మందు కొనసాగించమంటారు. త్వరగా ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. కోటప్పకొండ తిరునాళ్లకు శివరాత్రి ఉపవాసం ఉన్నా, రంజాన్ ఉపవాసాలున్నా రోజుకొక్కసారి వేసుకునే మాత్ర వేళ మార్చుకోవడం సులువే. డాక్టరును ముందే అడిగితే చాలు.

చెప్పే మాటే సగం మందు

2002లో అమెరికా వైద్య పత్రిక జామాలో ఒక అధ్యయనం వచ్చింది. ‘కనీసం ఆరు నెలలు వాడాలని మేం రోగులకు చెబుతాం’ అన్న డాక్టర్లు 72 శాతం. ‘మాకు అలా చెప్పారు’ అన్న రోగులు 34 శాతమే. చెప్పినదానికీ వినబడినదానికీ మధ్య ఇంత అగాధం ఉంటుంది. ఓపీ బయట జనం నిలబడి ఉన్నప్పుడు, రోగి అప్పటికే దిగులుతో ఏ మాటా బుర్రకెక్కని స్థితిలో ఉన్నప్పుడు ఆ అగాధం ఇంకా పెరుగుతుంది. దీనికి మందు ఖరీదైంది కాదు. 1995లో వెలువడిన ఒక సియాటెల్ పరిశీలనలో, రోజూ వేసుకోవాలి, గుణం రెండు నుంచి నాలుగు వారాలకు కనిపిస్తుంది, బాగున్నా కొనసాగించాలి, అడగకుండా ఆపొద్దు లాంటి నాలుగైదు మాటలు స్పష్టంగా విన్న రోగులు మొదటి నెలలో మందును ఎక్కువగా నిలుపుకున్నారని తేలింది.

ఆ మాటలు చెప్పడానికి డాక్టరే ఉండక్కర్లేదని మన రాష్ట్రంలోనే రుజువైంది. గత దశాబ్దంలో పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ అనే ప్రాజెక్టు నడిపింది. ఆశా కార్యకర్తలు ట్యాబ్‌లు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలడిగి దిగులు, ఆందోళన ఉన్నవారిని గుర్తించారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరికి పంపారు. ఆ తర్వాత మళ్లీ ఇంటికెళ్లి ‘వెళ్లారా? మందు వేసుకుంటున్నారా?’ అని వాకబు చేశారు. మానసిక జబ్బు గురించి ఊళ్లో ఉన్న అపోహల మీద ప్రచారమూ చేశారు. చికిత్స కోసం వచ్చేవారి సంఖ్య బాగా పెరిగింది. బాలింతల బాగోగులు, పిల్లల టీకాలు చూసుకునే అదే ఆశా కార్యకర్త రొంపిచెర్ల మండలంలోనూ ఉంది. మందు మొదలుపెట్టిన మనిషి ఇంటికి నాలుగో రోజున ఒకసారి, పదో రోజున ఒకసారి వెళ్లి ‘కడుపులో ఎలా ఉంది? ఇది తగ్గుతుంది, ఆపొద్దు’ అని చెప్పే శిక్షణ ఆమెకు ఇవ్వగలిగితే ఎన్నో స్ట్రిప్పులు అటకెక్కకుండా ఉంటాయి.

ఎస్సిటాలోప్రామ్, ఫ్లూయోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ మూడూ 2022 జాతీయ ఆవశ్యక ఔషధాల జాబితాలో ఉన్నాయి. అందుబాటులో మానసిక చికిత్స పొందడం ప్రతి ఒక్కరి హక్కని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. డాక్టరు దగ్గరికి వెళ్లలేని రాత్రివేళ ఒక ఫోన్ నంబరు ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలిమానస్ సేవ. 14416కు ఏ వేళ ఫోన్ చేసినా పైసా ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడొచ్చు. ‘మాత్ర వేసుకుంటే తిప్పుతోంది, ఏం చేయమంటారు?’ అని అడగడానికీ అది పనికొస్తుంది.

ఇంట్లోవాళ్లు చేయగలిగింది కూడా చిన్నదే. పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండరు మీద మాత్ర మొదలుపెట్టిన తేదీ రాయండి. రోజూ వికారం ఉందా, నిద్ర పట్టిందా, ఎన్ని మెతుకులు తిన్నారు అన్నది ఒక్క ముక్కలో రాయండి. దిగులులో ఉన్న మనిషికి నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలియదు. మొదటి వారం ఆరు రోజులు ‘వికారం’ అని రాసినచోట మూడో వారం ఒక్కరోజే కనిపిస్తే, ఆ కాగితమే రోగికి ధైర్యం, డాక్టరుకు సమాచారం.

మీ ఇంట్లో ఎవరైనా ఈ నెలలో ఇలాంటి మందు మొదలుపెట్టి ఉంటే ‘మనసు గట్టి చేసుకో’ అని చెప్పి ఊరుకోకండి. రెండో వారం మళ్లీ రమ్మన్న తేదీ చీటీలో చూసుకోండి. ఆ రోజు పనులు ఆపుకుని, ఆ మనిషితో పాటు మీరూ నరసరావుపేట బస్సెక్కండి.